పనస పాయసం వోడ్కా, కొత్త ఖద్దరు తువ్వాలు

రెండేళ్ల కిందట, మే నెలలో ఒక ఆదివారం, పొందూరులో మా వంటగది గట్టు మీద ఉన్నవి ఇవి: పచ్చళ్లకు వాడే పెద్ద గాజు జాడీ, బిల్లుతో కొన్న వోడ్కా సీసాలు రెండు, ఉద్దానం పనస తొనలు ఒక బేసిను నిండా, కొబ్బరికాయ, ఏలకులు, బెల్లం, తూకం మెషీను, స్టీలు గరాటు, మడత విప్పని కొత్త ఖద్దరు తువ్వాలు. ఉన్న మనుషులం ముగ్గురం. నేను, నా భార్య పైడిలక్ష్మి, ఆమె తమ్ముడు సింహాచలం. సింహాచలం సాలూరు లారీ మీద డ్రైవరు. పలాసలో జీడిపప్పు లోడు ఎత్తుకొని వస్తూ దారిలో కొన్న పనసపండును మా ఇంట్లో దించి, తొనలు ఒలిచిపెట్టి, దాని ఫలితం చూడకుండా కదలనని కూర్చున్నాడు.

అప్పటికి నేను విజయనగరం దగ్గర ఒక మద్యం బాట్లింగ్ యూనిట్‌లో జూనియర్ బ్లెండర్‌ని. కెమికల్ డిప్లొమా తర్వాత ల్యాబ్ అసిస్టెంటుగా చేరి, కొన్నేళ్లకు బ్లెండ్ రూముకు వచ్చాను. ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. ఈ వయసులో పాత ఉద్యోగం గురించి రిటైరైనవాడిలా మాట్లాడితే బంధువులు నవ్వుతారు. కానీ ఆ ఉద్యోగానికి అసలు పనిముట్టు ముక్కు. నాది ముందే రిటైరైంది.

బ్లెండర్ పని బయట చాలామందికి తెలియదు. డిస్టిలరీ నుంచి వచ్చే స్పిరిట్‌కు రుచీ రంగూ ఉండవు, ఘాటు మాత్రం ఉంటుంది. దానికి లవణాలు తీసిన నీళ్లు కలిపి, నూటికి నలభై రెండు పాయింట్ ఎనిమిది వంతుల ఆల్కహాల్‌కు దించుతాం. తర్వాత ఆ రకానికి నిర్ణయించిన ఫ్లేవర్ వేస్తాం. కొలతలన్నీ మీటర్లు చెబుతాయి. బ్యాచ్ బాగుందా లేదా అన్నది మాత్రం బ్లెండర్ వాసన చూసి చెప్పాలి. అతను సంతకం పెట్టాకే ట్యాంకు నుంచి లైన్‌కు వాల్వు తెరుస్తారు.

అంతకుముందు చలికాలంలో నాకు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతోపాటు వాసనలూ పోయాయి. కాఫీ వేడినీళ్లయింది. ఈ సంగతి మేనేజరు గారికి మొదటి రోజే చెప్పాను. ఆయన నన్ను సంతకాల పని నుంచి తప్పించి లెక్కల పని ఇచ్చారు. మే నెలలో పిలిచి, ఒక అసైన్‌మెంట్ చేతిలో పెట్టారు.

మిఠాయి రుచి ఉన్న వోడ్కా ఒకటి కావాలని మార్కెటింగ్ వాళ్లు అడుగుతున్నారు. కేకులూ చాక్లెట్లూ కాదు, మన ఇళ్లలో వండుకునే తీపి కావాలి. ఫ్లేవర్ తయారుచేసే కంపెనీకి ముందు ఒక అసలు నమూనా పంపాలి, నిజమైన పండుతో చేసినది. దాని వాసన పట్టుకొని వాళ్లు ఫ్లేవర్ కడతారు. యూనిట్‌లోకి పండ్లు తేకూడదు, ఎక్సైజ్ తాళం కింద ఉన్న స్పిరిట్‌ను బయటికి తీసుకెళ్లకూడదు. అందుకే షాపులో కొన్న వోడ్కాతో ఇంట్లో చేయమన్నారు. నమూనాలను రుచి చూసి తేల్చే ప్యానెల్‌లో అది నెగ్గితే, ముక్కు తిరిగొచ్చేదాకా బ్లెండ్ రూములో నా చోటు ఉంచుతానన్నారు. నెగ్గకపోతే డిస్పాచ్‌కు, అంటే పెట్టెలు లెక్కపెట్టి లారీలకెక్కించే విభాగానికి, మార్చక తప్పదన్నారు. ఆ మాట ఆయన కటువుగా అనలేదు. బ్లెండ్ రూము చేరడానికి నాకు ఎన్నేళ్లు పట్టిందో ఆయనకు తెలుసు.

నేను పనస పాయసం ఎంచుకున్నాను. అది పైడిలక్ష్మి బాగా వండుతుంది, దాని వాసన నాకు జ్ఞాపకంలో ఇంకా ఉంది. పద్ధతి ఇలా అనుకున్నాను. గింజ, పొర తీసిన తొనలు చిన్న ముక్కలుగా జాడీలో వేసి, పూర్తిగా మునిగేదాకా వోడ్కా పోయాలి. పైకి తేలిన ముక్క నల్లబడుతుంది కాబట్టి పైన బరువు పెట్టాలి. జాడీని చీకటి అలమరలో ఉంచాలి. దంచిన ఏలకులు రెండో రోజు వేయాలి. దోరగా వేయించిన కొబ్బరి చివరి రోజే వేయాలి, ఎక్కువసేపు ఉంటే దాని నూనె మక్కిన వాసన ఇస్తుంది. వడకట్టాక, విడిగా కాచి తేర్చిన బెల్లం పాకం కలపాలి. ఏ రోజు ఆపాలన్నదే అసలు ప్రశ్న. అది ముక్కు చెప్పాలి.

మందు వాసనంటే పైడిలక్ష్మికి గిట్టదు. సీసా మూత తీస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. ఆదివారం నేను వోడ్కా పోస్తుంటే అలాగే నిలబడి చూసింది.

"ఒసే అప్పా, ఆ కొంగు తియ్యి. బావకి ముక్కు లేదు, నీకుంటే మూసుకున్నావు. మరి ఈ పనెవుడు సేస్తాడు?" అన్నాడు సింహాచలం.

"నువ్వు సెయ్యి" అంది ఆమె.

"నాకిస్తే వాసన సూడను. తాగేస్తాను. బావ ఉజ్జోగం పోద్ది."

ఆమె నవ్వి కొంగు తీసి జాడీ మీదికి వంగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గింది. మళ్లీ వంగింది. "ఇప్పుడేటీ లేదు బావ. ఆసుపత్రి వాసన. లోపల పనసపండు ఎక్కడో దూరంగా ఉన్నాది" అంది. పైడిలక్ష్మి మా మేనమామ కూతురు, పెళ్లికి ముందు నుంచీ నన్ను బావ అనే పిలుస్తుంది. సింహాచలం ఆ రాత్రికి రాత్రే లోడుతో వెళ్లిపోయాడు, ఒక గుక్క కూడా దక్కలేదని సణుగుతూ.

ఆ తర్వాత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె వాసన చూసి చెప్పేది. బ్లెండ్ రూములో మాకు వాసనలకు నిర్ణయించిన మాటలుంటాయి: పండు, పువ్వు, పచ్చిక, చెక్క, నూనె. ఆమె ఆ మాటలు వాడలేదు. "పండు తెచ్చిన గోనె వాసన" అని ఒక రోజు, "తొనలు తిన్నాక సేతులకి మిగిలే వాసన" అని మరో రోజు చెప్పింది. నేను వాటిని నా మాటల్లోకి మార్చుకోబోయి మానేశాను. ఆమె చెప్పినప్పుడల్లా ఆ వాసన నాకు ఒక క్షణం తెలిసినట్టే ఉండేది. ఇంక దగ్గరకొచ్చిందని ఆమె అన్నాక శనివారం ఉదయం కొబ్బరి వేశాను. సాయంత్రం ఆమె జాడీ దగ్గర ఎక్కువసేపు నిలబడి, "ఇంక తీసెయ్యి బావ. ఇది మా అమ్మ పొయ్యి మీద నుంచి దించినప్పటి వాసన" అంది.

వడకట్టడానికి ఇంట్లో పాత గుడ్డలు చాలా ఉన్నాయి. అన్నిటికీ పోపు వాసనో సబ్బు వాసనో ఉంటుందని భయపడి, పెళ్లిలో ఎవరో పెట్టిన కొత్త ఖద్దరు తువ్వాలు మడత విప్పాను. పొందూరు నేత సన్ననిది, ఫిల్టర్ పేపరుకు దగ్గరగా ఉంటుంది. మరక లేదు, నీళ్లు తగల్లేదు. ఇంతకన్నా శుభ్రమైన గుడ్డ ఉండదనుకున్నాను.

జాడీలో పైన తేటగా ఉన్న ద్రవం, గుడ్డలోంచి దిగేసరికి మసకబారింది. గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే అవతల ఊచలు కనబడలేదు. మసక ఉన్న నమూనాను ప్యానెల్ ముట్టుకోదు. పనసపండ్ల రోజులు అయిపోవస్తున్నాయి, బుధవారం ప్యానెల్. మరో జాడీ పెట్టడానికి వ్యవధి లేదు.

కారణాలు మూడు అనుకున్నాను. కొబ్బరి నూనె అయితే చల్లబరిస్తే పైకి గడ్డకడుతుంది. పండులోని జిగురు అయితే తీగలుగా కనిపిస్తుంది. బెల్లం మట్టి అయితే అడుగున చేరుతుంది. బెల్లం ఇంకా కలపలేదు కాబట్టి అది కాదు. తీగలూ కనబడలేదు. కొబ్బరే అని తేల్చుకుని, ఫ్రిజ్‌లో పెట్టడానికి లేచాను.

పైడిలక్ష్మి గ్లాసు అందుకొని వాసన చూసింది. ముఖం చిట్లించలేదు, ఆలోచించింది.

"బావ, ఇందాక జాడీలో లేనిది ఒకటి వచ్చింది. మా నాయిన పంచెకి ఇస్తిరీ పెడితే, నీళ్లు సల్లినప్పుడు ఆవిరొస్తాది సూడు, ఆ వాసన."

"పంచె వాసనేమిటి?"

"నాకేటి తెలుసు? ముక్కు నాది, సదువు నీది. నువ్వే సెప్పు."

ఇస్త్రీ, తడి, పంచె. అప్పుడు నాకు తట్టింది. గంజి. పొందూరులో పుట్టి పెరిగినవాణ్ని. నేతకు ముందు నూలు పడుగుకు గంజి పట్టిస్తారని, కొత్త ఖద్దరు ఉడకబెట్టి ఉతికితేగానీ ఆ గంజి వదలదని మా వీధిలో అందరికీ తెలుసు. అది గుడ్డ గురించి తెలిసిన విషయం. ఫిల్టర్ గురించి ఆలోచించేటప్పుడు నాకు అది గుర్తు రాలేదు.

అనుమానం చాలదు, పరీక్ష కావాలి. గంజికి అయొడిన్ తగిలితే నీలం రంగు వస్తుంది. ఇంట్లో గాయాలకు రాసే అయొడిన్ మందు ఉంది. ఆల్కహాల్ ఎక్కువుంటే రంగు సరిగా రాదు, అందుకని ఒక చెంచా ద్రవంలో నీళ్లు బాగా కలిపి చుక్క వేశాను. నీలం. జాడీ అడుగున వడకట్టకుండా మిగిలిన దానికీ అలాగే వేశాను. రంగు మారలేదు. తువ్వాలు అంచు మీద వేస్తే దాదాపు నల్లగా అయింది.

"పెళ్లి తువ్వాలు పాడుసేసినావు" అంది పైడిలక్ష్మి. దాన్ని మడిచి పక్కన పెడుతూ, "పోనీలే. దొంగ దొరికినాడు" అంది.

ద్రవాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచాను. గంజి తెల్లగా అడుగున పేరుకుంది. పైతేటను గొట్టంతో లాగి, ఉడకబెట్టి ఆరేసిన పాత గుడ్డలో మళ్లీ వడకట్టి, బెల్లం పాకం కలిపాను. కిటికీ ఊచలు కనబడ్డాయి. వాసన మాత్రం కొద్దిగా మిగిలిందని ఆమె చెప్పింది. బొగ్గుపొడితో దాన్ని తీసెయ్యవచ్చు, కానీ పనస వాసన కూడా పోతుంది. ఏం చేయమంటావని అడిగాను. "పాయసం వండే ఇంట్లో అన్నం ఉడకదేటి? ఉండనీ" అంది.

ప్యానెల్ పద్ధతికి త్రికోణ పరీక్ష అని పేరు. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, ఒకటి వేరు. ఆ రోజు రెండింటిలో పనస ఎసెన్సు కలిపిన వోడ్కా, ఒకదానిలో నా నమూనా. వేరుగా ఉన్నది ఏదో కనిపెట్టి, అది ఎలా ఉందో రాయాలి. ఆరుగురిలో ఐదుగురు నా నమూనాను పట్టుకున్నారు. అందరికన్నా సీనియర్ అయిన సూపర్‌వైజర్ గారు, అన్నం వార్చిన వంటింట్లో పనస పాయసం అని రాశారు. నమూనా నెగ్గింది.

మేనేజరు గారు అభినందించి, విధానం వివరంగా చెప్పమన్నారు. చెప్పాను. ఏ రోజు ఆపాలో చెప్పింది నా భార్య అని, మసకకు కారణం పట్టింది ఆమె అని, నేనైతే కొబ్బరి అనుకొని వదిలేసేవాడినని కూడా చెప్పాను.  అయినా తన మాట మాటేనని, చోటు నాదేనని ఆయన అన్నారు. నేనే డిస్పాచ్ అడిగాను. ఇంట్లో చేసిన నమూనా ఒక జాడీ, ఇక్కడ ట్యాంకు. ట్యాంకులో తప్పు దొర్లితే వాసన చూడడానికి పైడిలక్ష్మి ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు. "అంత కట్టపడి సంపాదించిన కుర్సీ" అంది మెల్లగా. తర్వాత, "నా ముక్కు డబ్బాలో కట్టిస్తాను, కేరేజీతోపాటు పట్టుకెల్లరాదా?" అంది. ఇద్దరం నవ్వాం. ఆ రాత్రి ఆమె నిజంగానే పనస పాయసం వండింది. ఒక్కో చెంచాకూ ఇప్పుడు ఏ వాసన వస్తోందో చెబుతూ పెట్టింది.

డిస్పాచ్‌లో కొన్ని నెలలు చేసి, ఉద్యోగం వదిలాను. ఇప్పుడు ఇంటి ముందు గదిలో నీళ్ల పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను.

బ్లెండింగ్ పనిలోకి వచ్చే కుర్రవాళ్లు అడిగితే రెండు విషయాలు చెబుతాను. కొత్త గుడ్డ శుభ్రమైన గుడ్డ కాదు. రెండుసార్లు ఉడకబెట్టి, అయొడిన్ చుక్క వేసి చూశాకే వాడాలి. వాసన ఎవరు చూశారో వాళ్ల పేరే చెప్పాలి.

డాక్టరు సలహా మీద పైడిలక్ష్మి రోజూ ఉదయం నా కళ్లు మూయించి చిన్న సీసాలు ముక్కు కింద పెడుతుంది. లవంగం, కర్పూరం, నిమ్మతొక్క, కాఫీ, ఇలా మొదట పన్నెండు ఉండేవి. ఆ తువ్వాలులోంచి ఒక ముక్క కత్తిరించి, తడిపి, పదమూడోది తనే చేర్చింది. గంజి ఇంకా తెలియడం లేదు. మొన్న ఆదివారం లెక్క: పదమూడింటిలో నాలుగు.