ఇసుక మోసిన ఆదివారాలు

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చి అప్పటికి రెండు మూడేళ్లయింది. నేను పాఠం చెప్పే బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఎనిమిదిమందిని నల్లమల అడవిలో నాలుగు రోజుల నడకకు తీసుకెళ్లే పని నా మెడకు చుట్టుకుంది. చుట్టుకుంది అంటున్నాను గానీ, నేనే ఎగబడి తెచ్చుకున్నాను. ఆడపిల్లల వెంట ఆడ టీచరే ఉండాలి, మీ మోకాలి నొప్పి సంగతి చూసుకోండి అన్నారు మా వ్యాయామం మాస్టారు. ఆ ఒక్క మాటతో నాకు పంతం పుట్టింది. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. నేను చెప్పేది తెలుగు, ఎక్కేది బడి మెట్లు, అంతకు మించి కొండా లేదు, కోనా లేదు.

విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడిపే ఒకాయన, తన కూతురి అనుమతి కాగితం మీద సంతకం పెట్టే ముందు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మేడం, మీరు పోతున్నరు గాబట్టి పంపుతున్న. మీరు పోకుంటే నా బిడ్డ గూడ పోదు" అన్నాడు. మిగతా ఏడిళ్లలోనూ ఇంచుమించు ఇదే మాట. నేను నడవగలిగితే పిల్లలు అడవి చూస్తారు, లేకపోతే లేదు.

అడవిలో బియ్యం, పప్పు, గిన్నెలు, దుప్పట్లు అన్నీ మోసుకునే నడవాలి. అందుకని రెండు నెలల ముందు నుంచే ప్రతి ఆదివారం ఇసుక మోసుకుంటూ నడక మొదలుపెట్టాం. నా పాత నీలం చీర చింపి తొమ్మిది చిన్న సంచులు కుట్టాను. వాటిలో ఇసుక నింపి, పాత ఇనుప సామాను దుకాణంలో, కాటేదాన్ ఫ్యాక్టరీలకు వెళ్లే తుక్కు తూచే కాటా మీద తూచి, వీపు సంచుల్లో పెట్టుకునేవాళ్లం. పిల్లలకు తలా నాలుగు కిలోలు, పంతం కొద్దీ నాకు ఆరు. "ఏంది మేడం, ఇసుక అమ్ముతున్నరా, పిల్లలను అమ్ముతున్నరా?" అని దుకాణం ఆయన నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. "ఎవరి బరువు వాళ్లే మొయ్యాలె" అని పిల్లలకు గట్టిగా చెప్పేదాన్ని.

మొదటి ఆదివారం మహేశ్వరం వైపు నడిచాం. మూడు రాళ్లు పెట్టి అన్నం వండటం నేర్పాలని నా ఆలోచన. ఊళ్లో అడుగు పెట్టామో లేదో, ఒక పిల్ల పెద్దమ్మ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏంది గిది? ఇంటి ముందలికెల్లి పోతూ తినకుండ పోతరా?" అని అందరినీ లోపలికి లాగింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, గుడ్ల కూర కడుపు పగిలేలా పెట్టింది. ఆ పూట పిల్లలు చేతులు కడుక్కోవడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. పై ఆదివారం దారి మార్చి కందుకూరు వైపు వెళితే అక్కడ ఇంకొకరి మేనమామ ఎదురయ్యాడు. మా ఎనిమిదిమందికీ చుట్టాలు లేని ఊరు ఎక్కడుందో నాకు దొరకలేదు. చివరికి ఊళ్లు వదిలేసి, విమానాశ్రయం గోడ దాటాక వచ్చే గుట్టల్లో, తుమ్మచెట్ల మధ్య నడవడం మొదలుపెట్టాం. అక్కడే అన్నం మాడింది, అక్కడే కుదిరింది. తల మీదుగా విమానం పోతే పిల్లలెవరూ పైకి చూసేవారు కాదు. నేను మాత్రం ప్రతిదాన్నీ ఆగి చూసేదాన్ని, ఊపిరి తీసుకోవడానికి.

అయినా నా నడక బాగుపడుతోందని నాకు గట్టి నమ్మకం. మొదటి మజిలీలో కాసేపు కూర్చుని మొహం కడుక్కుని లేస్తే సంచి దూదిలా తేలిపోయేది. ఈ సంగతి స్టాఫ్ రూములో వ్యాయామం మాస్టారికి వినపడేలా రోజూ చెప్పాను.

ఇంతలో నాకొక అనుమానం వచ్చింది, పిల్లలు ఎవరైనా దారిలో ఇసుక పారబోస్తున్నారేమోనని. ఒక ఆదివారం తిరిగి వస్తూ ముందు చెప్పకుండా అందరినీ నేరుగా కాటా దగ్గరికి నడిపించాను. ఏడుగురివి సరిగ్గానే తూగాయి. ట్యాక్సీ ఆయన కూతురిది మాత్రం పొద్దుటి కంటే ఆరు కిలోలు ఎక్కువుంది.

"ఏం ఏరుకొచ్చినవ్? సీతాఫలాలా?" అని వీపు సంచి లాక్కుని తెరిచాను. లోపల రెండు నీలం సంచులున్నాయి. పెద్దది నాదే.

"మేడం, తిట్టకుండ్రి" అంది ఆ పిల్ల తలవంచుకుని. "మీరు మొకం కడుక్కునేటప్పుడు తీస్తుంటి. బడి కాడ మల్ల పెడుతుంటి. ఇయ్యాల టైం దొరకలె."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఆదివారం నుంచే. మీరు ఆగిపోతే మా అబ్బా నన్ను పంపడు గద."

"అందుకేనా?"

"అందుకే." కాటా మీద రాలిన ఇసుక తుడుస్తూ, "మీ మోకాలు గూడ జర చూస్తుంటి" అంది.

మిగతా ఏడుగురూ నేల చూపులు చూస్తున్నారు. అందరికీ తెలుసన్నమాట. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నా మీద రావలసిన కోపం వాళ్ల మీద వచ్చింది. "అయితే ఎవ్వరూ పోవద్దు" అని అరిచి, నా నీలం సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ వారమంతా అన్నం సయించలేదు. బస్సులో ఎవరైనా సీటిచ్చినా వద్దనే మనిషిని నేను. కూరగాయల సంచి పక్కింటి వాళ్లు అందుకోబోతే లాక్కునేదాన్ని. పధ్నాలుగేళ్ల పిల్ల ఆరు వారాలు నా బరువు మోసి, ఒక్కసారైనా నోరు విప్పలేదు. ఆ పిల్ల మీద నాకు పుట్టిన ప్రేమను ఎలా చెప్పాలో తెలియక, తరగతిలో దాని వైపు చూడకుండా పాఠం చెప్పాను.

ఆదివారం పొద్దున ఎవరూ రారనుకుంటూనే దుకాణం దగ్గరికి వెళ్లాను. ఎనిమిదిమందీ సంచులు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. నేను నా సంచి దింపి, నీలం సంచి బయటికి తీసి, కాటా మీద అందరికీ కనపడేలా పెట్టాను.

"ఇది నాతోని కాదు. ఎవరన్న మోస్తరా?"

ట్యాక్సీ ఆయన కూతురు అప్పటికే దాన్ని ఎత్తుకుంది.

"నాకు అలవాటైంది మేడం" అంది.

ఆ డిసెంబరులో తొమ్మిదిమందిమీ అడవికి వెళ్లాం.