వేడెక్కితే ఆగే బండి

మా బావంటే నాకు పడదు. ముందే చెప్పేస్తే తరవాత మొహమాటం ఉండదు. అక్క మొగుడు కాబట్టి ఎదురుపడితే "తిన్నావా బావా" అంటాను. తిన్నాడో లేదో నాకు అక్కర్లేదు.

ఆయన పాత కార్ల మెకానిక్. స్టార్టు కాని బళ్ళు, దగ్గుతూ నడిచే బళ్ళు, దారిలో మొరాయించే బళ్ళు అన్నీ ఆయన షెడ్డుకే వస్తాయి. వీధిలో వాళ్ళు ఆయన్ని "డాక్టరు" అంటారు. పొగడ్త అనుకుని మురిసిపోతాడు గానీ, రోగిని నోరు విప్పనివ్వని డాక్టరని వాళ్ళ ఉద్దేశం. బండి తెచ్చినవాడు "నిన్న ఆ మలుపు దగ్గర..." అని మొదలుపెట్టగానే బావ చెయ్యెత్తి ఆపేస్తాడు.

"నువ్వు చెప్పకు. బండే చెప్తుంది. తాళం అక్కడ పెట్టి వెళ్ళు."

ఆయనకో పద్ధతి ఉంది. బండిని ఒక రాత్రి షెడ్డులో ఉంచుకుంటాడు. తెల్లవారగానే, తలుపులు పూర్తిగా తెరవకుండా, ఆ మసక వెలుతురులో ప్లగ్గు ఊడదీసి, దానికి వైరు తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి, సెల్ఫ్ కొట్టమంటాడు. ప్లగ్గు కొసన నిప్పురవ్వ నీలంగా చిటుక్కుమంటే కరెంటు బాగా అందుతున్నట్టు. పసుపురంగులో నీరసంగా కనిపిస్తే ఎక్కడో లోపం ఉన్నట్టు. అప్పుడు కరెంటుని కలిపి తెంపే పాయింట్లు గీకుతాడు, వైర్లు ఒక్కొక్కటీ వంచి చూస్తాడు. పనిమంతుడు కాడని నేననను. కానీ ఆ పద్ధతి మీద ఆయనకున్న పిచ్చి నమ్మకమే మా కొంప ముంచబోయింది.

అక్కా నేనూ కలిసి ఆఫీసులకి మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపుతాం. వంట నాది, బండి అక్కది. అది మా నాన్న నడిపిన పాత కారు. పోతూ పోతూ అక్క చేతిలో పెట్టి పోయాడు. ఎండలు ముదిరాక అది అక్కని ఏడిపించడం మొదలుపెట్టింది. పొద్దున బజారుకి వెళ్ళొచ్చేటప్పుడు ఏ పేచీ లేదు. మధ్యాహ్నం సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ కదులుతూ పోతుంటే ఉన్నట్టుండి చచ్చిపోయేది. సెల్ఫ్ గిరగిరా తిరిగేది, ఇంజను అందుకునేది కాదు. పక్కకి నెట్టి, బానెట్ ఎత్తి కాసేపు ఉంచితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఈలోపు అన్నం చల్లారిపోయేది. ఆకలిమీదున్న వాళ్ళు అక్కని దులిపేసేవాళ్ళు. ఒక ఆఫీసు మానేసింది. ఇంకొకటి మానేస్తానని మొహం మీదే చెప్పింది.

"వేడెక్కితే ఆగిపోతోందండీ. చల్లారితే నడుస్తోంది," అని అక్క బావకి చెప్పింది. ఒకసారి కాదు, అన్నం పెట్టినప్పుడల్లా చెప్పింది.

"తొక్కడం రాకపోతే ఆగక ఏం చేస్తుంది? యాక్సిలరేటర్ తొక్కి తొక్కి పెట్రోల్లో ముంచేస్తున్నావు," అనేవాడు ఆయన.

మర్నాడు తెల్లారగానే తన పద్ధతిలో చూసేవాడు. రాత్రంతా చల్లగా పడుకున్న బండికి రోగమేముంటుంది? నిప్పురవ్వ నీలంగా చిటుక్కుమనేది. మొదటి సెల్ఫుకే ఇంజను అందుకునేది.

"చూశావా? బండి బంగారం. లోపమంతా స్టీరింగు పట్టుకున్న చేతిలో ఉంది," అనేవాడు. షెడ్డులో పనివాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయేది. "ఒక్క మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని వెళ్ళి చూడు బావా, నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"డబ్బాలు మొయ్యడానికి నన్ను రమ్మంటావా?" అని నవ్వాడు.

అక్క నాలా నోరున్నది కాదు. ఒకరోజు అంట్లు తోముతూ, "నేనే తప్పు తొక్కుతున్నానేమోనే," అంది. ఏళ్ళ తరబడి ఆ బండిని నడిపిన మనిషి! బావ మీద అంతకు ముందున్నది కోపమే. ఆ మాటతో అసహ్యం పుట్టింది.

ఆ తరవాత ఆయన అక్కనొక మాటైనా అడక్కుండా బండిని బేరం పెట్టేశాడు. బండి పోతే డబ్బాలు పోతాయి, అక్క మళ్ళీ ఆయన చెయ్యి చూసుకుని బతకాలి. పాత కార్ల మోజున్న ఫోటోగ్రాఫరొకాయన కొంటానన్నాడట. పొద్దున్నే రమ్మని బావ చెప్పాడు. ఫోటోగ్రాఫరు వేరే పని తగిలి మధ్యాహ్నం వచ్చాడు. అప్పుడే మేం డబ్బాలు ఇచ్చేసి షెడ్డు ముందు ఆగాం. ఇంజను సెగలు కక్కుతోంది.

"బాగానే ఉందిగా, ఎందుకు అమ్ముతున్నారు?" అని ఫోటోగ్రాఫరు అడిగాడు.

"మా ఆవిడకి నడపడం రాదండీ. బండి మాత్రం బంగారం."

ఖాళీ డబ్బాల సంచి అక్క కింద పెట్టింది. తాళం ఫోటోగ్రాఫరు చేతిలో పెట్టి, "ఒకసారి ఊళ్ళోకి తిప్పి చూడండి. మేమూ వస్తాం," అంది.

"ఇప్పుడొద్దు. ఇంజను అలిసిపోయి ఉంది. పొద్దున చూద్దాం," అన్నాడు బావ కంగారుగా.

"బంగారమన్నారుగా? మధ్యాహ్నమైతే ఇత్తడవుతుందా?" అంది అక్క. అక్క నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

బావ ముందు కూర్చున్నాడు, మేం వెనక. సంత వీధిలో సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చ దీపం పడకముందే బండి చచ్చిపోయింది. వెనకనుంచి హారన్లు, తిట్లు. ఫోటోగ్రాఫరు సెల్ఫ్ కొట్టి కొట్టి చెమటలు కక్కుతూ, "నేనేమైనా తప్పు తొక్కానాండీ?" అని అడిగాడు.

బావ దిగి బానెట్ ఎత్తాడు. ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో వెనక్కి లాక్కున్నాడు. నా సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి దానికి చుట్టాడు. ఆవిరి లేచింది. కాసేపాగి ఆయనే సెల్ఫ్ కొట్టాడు. ఇంజను టక్కున అందుకుంది.

"కాయిల్ వేడెక్కితే చచ్చిపోతోందన్నమాట. ఇంట్లో బండికి ఇలా అవుతుంటే మీకు తెలీలేదా?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

బావ దిగి బానెట్ మూస్తూ, "నాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు.

అక్క విరుచుకుపడుతుందనుకున్నాను. అక్క మాత్రం ఫోటోగ్రాఫరుకి బండి అమ్మడం లేదని మర్యాదగా చెప్పి, దింపి, తాను స్టీరింగు ముందు కూర్చుంది. బావ తలుపు తెరవబోయేలోపే కదిలించింది. బావ షెడ్డు దాటి తిన్నగా పోయి, వీధి చివర ఇంకో మెకానిక్ దగ్గర ఆపింది. డాక్టరు పెళ్ళాం బండి పరాయి షెడ్డులో కొత్త కాయిల్ వేయించుకుంటుంటే వీధి వీధంతా చూసింది.

ఇప్పుడు బండి ఆగడం లేదు. మానేసిన ఆఫీసు మళ్ళీ డబ్బాలు తెప్పించుకుంటోంది. ఏ చిన్న పనున్నా అక్క వీధి చివరికే వెళ్తుంది, బావ షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. ఇంట్లో అన్నం పెడుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది, బండి ఊసు మాత్రం ఎత్తదు.

నిన్న ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"గేరు మార్చినప్పుడల్లా ఏదో కీచుమంటోంది. ఏమైందంటోంది మీ అక్క?"

"నువ్వే అడగచ్చుగా బావా."

"అడిగాను. బాగానే ఉందంది."

"అయితే బాగానే ఉందేమో," అన్నాను. నా కడుపు చల్లబడింది. బాగా లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.