మా అత్తగారి బ్యాగూ చెప్పులూ

మన భాషలన్నిటికీ ఒకే అరుగు అంటూ ఆ యాప్ వచ్చిన కొత్తలో, నర్సీపట్నంలో అది ఫోన్‌లో లేనివాడు వెనకబడినవాడి కింద లెక్క. నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే దేశంలో ఎవరైనా తమ భాషలో చదువుకోవచ్చట. కోచింగ్ సెంటర్ ఆయన పొద్దున్నే పళ్లు తోముకోకుండా జాతికి సందేశం ఇచ్చేవాడు. కౌన్సిలర్ కావాలని తిరుగుతున్న మా వీధి పెద్దమనిషి, యాప్‌లో పేరు పక్కన టిక్కు గుర్తు పడిందని పకోడీలు పంచాడు. నేను తెలుగు టీచర్ని కాబట్టి కంపెనీవాళ్లు నన్ను భాషా రాయబారిని చేశారు. జీతం లేదు. టీషర్టు పంపారు, అందులో నేనూ మా ఆయనా కలిసి పట్టేస్తాం.

దాన్ని నిజంగా వాడుకున్నది మాత్రం మా అత్తగారు. మావయ్య పోయాక ఆవిడ చర్చికి వెళ్లడం, రావడం తప్ప నోరు విప్పడం మానేశారు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని చూపించాను. ఆవిడ మోకాలి నొప్పి గురించి చెప్పుకుంటే, గుజరాత్ నుంచి ఒక పెద్దావిడ జవాబిచ్చింది. ఆవిడకీ భర్త లేడు, ఆవిడకీ మోకాళ్లే. వారం తిరక్కుండా మా ఇంట్లో మళ్లీ మాట వినపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"వదినా, నీ ఒంట్లో ఎలాగుందో బేగి సెప్పు" అని అత్తగారు రోజూ ముగించేవారు. ఒకరోజు అవతలినుంచి యాప్ తెలుగులో జవాబు వచ్చింది: "సోదరీ, మీ సంచి మరియు పాదరక్షలు లభించినవా?"

"ఏటే ఇది? నా సంచి ఎవులట్టుకుపోనారు?" అన్నారు అత్తగారు కంగారుగా.

ఆలోచిస్తే నాకు తట్టింది. త్వరగా అనడానికి మేం అనే బేగిని యంత్రం బ్యాగు చేసి, సెప్పుని కాలికి తొడిగింది. పాపం ఆ గుజరాతీ ఆవిడ, నర్సీపట్నంలో ఒక ముసలమ్మ సామాన్లు రోజూ ఎవరో ఎత్తుకుపోతున్నారని బెంగపడింది.

రాయబారిని కదా, కంపెనీకి రాశాను. ప్రామాణిక తెలుగులో రాయమని వినియోగదారులకు సూచించవలెను అని జవాబొచ్చింది.

"మన బాసల కోసరం ఎట్టినోళ్లకి మన బాస రాదన్నమాట" అని తేల్చేశారు అత్తగారు. ఆవిడ తన యాస మార్చుకోలేదు. నేనే గ్రాంథికంలో ఒక వివరణ రాసి గుజరాతీ ఆవిడకి పంపితే, అవతల నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి.

తర్వాత యాప్‌కి గాలి పోయింది. పెట్టుబడి పెట్టేవాళ్లు మొహం చాటేశారట. పకోడీల పెద్దమనిషి అందరికంటే ముందు విదేశీ యాప్‌కి దూకాడు. మాతృభాష మీద ఉపన్యాసాలిచ్చిన కోచింగ్ సెంటర్ ఆయన అక్కడ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆ అరుగు మీద చివరికి మిగిలింది గుడ్ మార్నింగ్ పువ్వులూ, లోన్ ప్రకటనలూ, ఈ ఇద్దరు ఆడవాళ్లూ.

మూసేస్తున్నామని నోటీసొచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో మాత్రమే ఉంది. అత్తగారికి నేను తెలుగులో చదివి వినిపించాను.

"మూసేత్తే మరి ఆవిడ?" అన్నారు. ఫోన్ నంబరు రాస్తే భద్రత పేరిట చెరిపేసే యాప్ అది. అందుకని మా నంబరుని అంకెలు లేకుండా అక్షరాల్లో రాసి పంపాం. యంత్రం తన జన్మలో అదొక్కటే తప్పు లేకుండా అనువదించింది.

యాప్ మూతపడ్డాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది. అత్తగారు తెలుగులో, అవతలావిడ గుజరాతీలో. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో అత్తగారు "అవునవును" అని కూడా అన్నారు. నేను గుమ్మంలో నిలబడి నవ్వాపుకున్నాను. పెట్టేశాక అడిగాను.

"ఏమందత్తా?"

"ఏటందో నాకేటి తెలుస్తాది?" ఫోన్ ఒళ్లో పెట్టుకున్నారు. "ఒకటే దగ్గుతోందే. ఇన్ని నీళ్లిచ్చేవోళ్లు కూడా ఇంట్లో ఎవులూ నేరు కాబోలు."