ఎదురింటి కారుకు తగ్గని జబ్బు

మామగారికి మనుషుల మొహాలు గుర్తుండవు. వాళ్ల కార్లలో గేరు ఆయిల్ ఏ రంగులో ఉందో మాత్రం గుర్తుంటుంది. "ఎవరండీ వచ్చి వెళ్లింది?" అని అత్తగారు అడిగితే, "అదేనే, మాడిన పంచదార రంగు" అనేవారు. అంటే పక్కవీధి లాయరన్నమాట.

ఆయన మెకానిక్కేం కాదు. జుట్టు నెరిసేదాకా మందుల షాపు నడిపినవారు. షాపు మూసేశారు గాని, మూత తీసి వాసన చూసే అలవాటు మానలేదు. ఆటోమేటిక్ గేర్ల కారు కనిపిస్తే చాలు, ఇంజను ఆన్‌లోనే ఉంచమని బానెట్ ఎత్తించి, గేరుబాక్సులో నూనె కొలిచే పుల్ల లాగి, తెల్ల జేబురుమాలుకు అద్ది, కళ్లు మూసుకుని వాసన పీల్చేవారు.

"ఎర్రగా ఉంటే ఆరోగ్యం. గోధుమరంగుకు తిరిగితే ఓ కన్నేసి ఉంచాలి. నల్లబడి మాడు వాసన కొడితే..." అని ఆగి, రోగి బంధువును చూసినట్టు కారు యజమానిని చూసేవారు. పుల్లే లేని కొత్తరకం కార్లంటే ఆయనకు ఒళ్లుమంట. "నాలుక చాపని రోగికి నేనేం వైద్యం చెయ్యను?"

ఒకసారి ఎవరో పోతే పరామర్శకు వెళ్లి, శవాన్ని తీసుకెళ్లే బండి బానెట్ ఎత్తారు.

"గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందా బాబూ?"

"వస్తోందండీ. ఇంతవరకు ఎక్కినవాళ్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు డ్రైవరు.

ఇంటి అల్లుడికి మాత్రం ఆయన మీద ఒక కచ్చ ఉంది. తన కారుకు గేరు నూనె మార్చమని మామగారు అంటే, "పుస్తకంలో ఇంకా టైముందని రాశారండీ" అని కొట్టిపారేశాడు. ఆ కారు నడిరోడ్డు సిగ్నల్ దగ్గర, గేరు వేసినా కదలాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడిపోయింది. ఆ కథ మామగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పారు. ఒక్కసారైనా ఈయన తప్పు పట్టుకోవాలని అప్పటినుంచీ అల్లుడు కాచుకుని ఉన్నాడు.

వీధిలో ఎన్నటికీ జబ్బు తగ్గని కారు ఒకటే, ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టారిది. ఆయన తాళాలు తియ్యడం, మామగారు రుమాలుతో పరుగెత్తడం.

"మాస్టారూ, రంగు బాగాలేదు. ఇవాళ్టికి మా బండెక్కండి."

"మొన్ననే మార్పించాను కదయ్యా!"

"కొత్త నూనె కుదురుకోవద్దూ!"

ఓ ఉదయం మాస్టారు పక్క ఊళ్లోని చెల్లెలింటికి హైవే మీద ఒంటరిగా బయల్దేరారు. మామగారు అడ్డం పడితే ఎగిరిపడ్డారు. "నీ మాట ఇక వినను. అల్లుడుగారు చూసి చెప్పనీ. ఆయన బాగుందంటే వెళ్లిపోతా."

అల్లుడికి పండగే. పుల్ల లాగి రుమాలుకు అద్దాడు. దానిమ్మ గింజంత ఎరుపు! మాడు వాసన ఊసే లేదు. దొరికారు మామగారు!

అంతలో వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఏమంటారు అల్లుడుగారూ, తేలిందా?"

అల్లుడు తిరిగి చూశాడు. మాస్టారు అడుగుతున్నది తీగమీద ఆరేసిన చొక్కాను.

ఇక కారు నడపొద్దన్నాడని కంటి డాక్టరుతో మాస్టారు మాటలు మానేసిన సంగతి అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. మామగారు అటు తిరిగి ఆకాశం చూస్తున్నారు.

"నల్లబడిపోయింది మాస్టారూ" అన్నాడు అల్లుడు, రుమాలు జేబులో కుక్కుకుంటూ. "మాడు వాసన కూడాను."

"నేను చెప్పలా!" అంటూ మామగారు తమ బండి బానెట్ ఎత్తడానికి పోయారు. ప్రయాణం ముందు దాన్నీ వాసన చూడాలిగా!

మాస్టారు తడుముకుంటూ వచ్చి అల్లుడి భుజం పట్టుకున్నారు. "మీకు అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదండీ. మీ మామ అయితే నీళ్లు తాగినంత తేలిగ్గా చెబుతాడు."

అల్లుడు నోరు తెరిచాడు. "మీకు తెలుసా! మరి రోజూ ఆ తాళాలు..."

"తాళాలు తియ్యకపోతే, నన్ను ఎక్కించుకోమని నేనే అడగాలి కదండీ. అది నావల్ల కాదు." ఆయన గొంతు తగ్గించారు. "మీ మామకు చెప్పకండి. నా కారు బాగుపడిందంటే పాపం, దిగులు పెట్టుకుంటాడు."

బానెట్ చాటునుంచి మామగారి కేక వినిపించింది. "మన బండి భేషుగ్గా ఉంది మాస్టారూ! రండి, ఎక్కండి!"

"వస్తున్నా!" అంటూ మాస్టారు, తీగమీది చొక్కాకు వెళ్లొస్తానని చెయ్యూపి బయల్దేరారు.