అలసిపోయిన కిటికీలు

తెలంగాణ వచ్చినంక రెండు మూడేండ్లకు పాలమూరుల డిగ్రీ సీటొచ్చింది. మాది కట్టంగూర్ దిక్కు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీల ఇంగ్లీషు మేడమ్ వారం వారం ఒక పేరా ఇచ్చి, "మీ సొంత మాటల్లో రాయండి" అనేది.

ఒకసారి ఒక పాత ఇంటి గురించి ఇచ్చింది. ఆ ఇంటి కిటికీలు అలసిపోయి వీధిలకు చూస్తున్నయంట. కిటికీలు అలసిపోవుడేంది? ఏం పని చేసినయని? డిక్షనరీ తీసి, అలసిన అన్నకాడ నిద్రొచ్చిన అని పెట్టిన. మేడమ్ ఎర్ర పెన్నుతోటి కొట్టేసింది. "మాట మారిస్తే చాలదమ్మా, భావం రావాలి."

సరే అని, కిటికీలు పాతవి, ఇంట్ల ఎవ్వరు లేరు అని మళ్ల రాసిన.

"మరి అందం ఏమైంది?"

నాకు ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు రాస్తే కాపీ అంటది, మారిస్తే తప్పంటది, సూటిగ చెప్తే అందం లేదంటది. ఇగ నేనేం రాయాలె?

హాస్టల్‌కొచ్చి కాగితం మంచం మీదికి ఇసిరికొట్టిన. నా రూమ్మేట్ పాలమూరు పక్క ఊరి తురకోల్ల పిల్ల, పదో తరగతి దాకా ఉర్దూల సదివింది. కాగితం తీసి దిండు కింద దాచింది.

"జర ఆగే. గిది చూడకుంట చెప్పు, గా ఇల్లెట్లుంది?"

"ఎట్లుంటది! సున్నం రాలిపోయింది. ఉన్నోళ్లు ఎటో పోయిండ్రు. మళ్ల ఎప్పుడొస్తరో అని చూసి చూసి ఇల్లే ఇసిగి యాష్టకొచ్చినట్టుంది."

"గదే రాయి ఇంగ్లీషుల."

చెప్పుడు అల్కగనే ఉంది. యాష్టకు ఇంగ్లీషుల ఏమంటరో ఇద్దరికీ తెల్వదు. ఒక్కో వాక్యం రాసుడు, కొట్టేసుడు, ఆమె నవ్వుడు, నేను తిట్టుడు. అన్నం బెల్లు కొట్టేటాల్లకు నాలుగు చిన్న వాక్యాలు తేలినయి.

తెల్లారి మేడమ్ సదివింది. చిన్న చిన్న తప్పులకు ఎర్ర గీతలు గీసుకుంట పోయింది. ఇల్లు ఎదురుచూసి ఎదురుచూసి ఇసిగిందన్న ఆఖరి వాక్యం కాడ పెన్ను ఆగింది. "ఇది నువ్వే రాశావా?"

"నేనే మేడమ్."

పక్కకు టిక్కు పెట్టింది. నా పానం జర కుదుటపడ్డది. గంతలనే సంచిల నుంచి ఇంకో కాగితం తీసి చేతుల పెట్టింది. ఈసారి సముద్రమంట, తుఫాను ముందటి సముద్రం.

నేను పుట్టినకాడికెల్లి సముద్రం చూసిందే లేదు.