ఎండపెట్టె ఆగిపోయిన రోజు

ముంబై కామాటిపురలో ఒంటిగది ఇళ్ల వరసలున్న మా చాల్ నుంచి ఇంజనీరింగ్ చదివిన మొదటి ఆడపిల్ల మా అక్క. ముంబైలో ఉద్యోగం వదిలేసి, కొచ్చిలో ఓడెక్కి వెళ్లాల్సిన ఒక చిన్న ద్వీపంలోని పరిశోధన కేంద్రంలో చేరతానంటే అమ్మ చాలా రోజులు సరిగా తినలేదు. ఆ కేంద్రం సర్కారుది కాదు, కంపెనీదీ కాదు. కొందరు శాస్త్రజ్ఞులు కలిసి పెట్టుకున్నది. ఎండ, గాలి, వాననీళ్లు, ఇలా అక్కడ దొరికేవాటితోనే దీవివాళ్ల బతుకు కొంత తేలిక చేయడం వాళ్ల పని. నేనెంత చెప్పినా అమ్మకు ఎక్కలేదు. చివరికి వానాకాలం పోయాక ఇద్దరం చూడ్డానికి వెళ్లాం.

కేంద్రమంటే కొబ్బరి చెట్ల నడుమ రెండు రేకుల షెడ్లు. ఆ దీవిలో ఆడవాళ్లు ట్యూనా చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. పొగకు వాళ్ల కళ్లు పోతున్నాయని, మబ్బు పడితే సరుకు పాడవుతోందని అక్కావాళ్లు అద్దం మూత పెట్టి ఒక పెద్ద పెట్టె చేశారు. సూర్యుడి కరెంటుతో తిరిగే ఫ్యాన్ లోపలి వేడిగాలిని చేపల మీదికి తోలుతుంది. దాన్ని ఎండపెట్టె అనేవాళ్లు.

మేం వెళ్లిన మర్నాడే అది ఆగిపోయింది. పొద్దున మూత తీస్తే చేపలు జిగురెక్కి ఉన్నాయి. ఉప్పుగాలికి మోటారు తుప్పు పట్టిందట. అక్క ముఖం వాడిపోయింది. అయినా వెంటనే ఆడవాళ్లందర్నీ షెడ్డు ముందుకు పిలిచి వాళ్ల భాషలో మాట్లాడింది. మోటారు ఈ గాలిని తట్టుకుంటుందో లేదో పూర్తిగా చూడకుండానే పెట్టామని, తప్పు తమదేనని చెప్పిందని తర్వాత తెలిసింది. పక్కనే నిలబడ్డ కేంద్రం పెద్దాయన అడ్డు చెప్పలేదు. ఏది చెడిపోయినా నలుగురిలో చెప్పడం అక్కడి పద్ధతి. ఆ తర్వాత కొత్తగా వచ్చిన చేపలకు అందరూ కలిసి పొగబెట్టారు. అమ్మ కూడా కొంగు దోపుకుని వాళ్లలో కలిసింది.

ఆ సాయంత్రం అమ్మ అక్కను అడిగింది.

"అందరి ముంగట తప్పు మాదే అంటివి. షరం కాలేదా బిడ్డా?"

"అయింది. చెప్పకుంటే రేపు గదే పెట్టె ఇంకో దీవిల పెడ్తరు. ఆడ గూడ చేపలు ఖరాబైతయి."

అమ్మ అక్క చేతికంటిన తుప్పును కొబ్బరి పీచుతో తోమి కడిగింది.

మేం తిరిగొచ్చాక అక్కావాళ్లు నెలల తరబడి ఆ పెట్టెతో కుస్తీ పట్టి, ఫ్యాన్ అక్కర్లేకుండా పొడుగాటి గొట్టమే గాలిని తనంతట తానే లాగేలా మార్చారు. ఆ కొత్త పెట్టె వీడియో అక్క పంపిన రోజు అమ్మ నా ఫోను తీసుకుని వరండాలో అందరికీ చూపించింది. పక్కింటామె నౌకరీ పర్మనెంటేనా అని అడిగింది.

"గది నాకెరుక లేదు," అంది అమ్మ, "చేపలు మాత్రం మంచిగ ఎండుతున్నయి."