కొండ దిగిన ఆయాసం

ఐదో తరగతితో చదువు మానేసినా, బస్సెక్కితే నేనే డాక్టర్ని. రెండు వేల సంవత్సరం ప్రాంతంలో, అమలాపురం బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఎగరొప్పుతున్నారు. కొండలెక్కి తిరిగొస్తున్నారట.

“కొండగాలి పడలేదాండీ?”

“ఎండకి బండ్ల పొగ... ఓజోనవుతుంది. కొండ మీదికీ వస్తుంది... అదే పీల్చాను.”

“ఓజోనంటే ఆకాశంలో గొడుగు కదండీ?”

“పైనుంటే గొడుగు... ఛాతీలోకెళితే మంట.”

రావులపాలెంలో కొబ్బరి లారీల వెనక బస్సు ఆగిపోయింది. ఆయన పెదవులు నల్లబడ్డాయి. ధైర్యం చెబుదామని, “ఏ ఊరండీ? పిల్లలెంతమందండీ?” అన్నాను. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. నాకు భయమేసి డ్రైవరును కేకేశాను. లారీలు కదిలాక బస్సును నేరుగా పోనిచ్చి, కొత్తపేట ఆసుపత్రిలో చేర్చాక గానీ ఆయనకు ఊపిరి కుదుటపడలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అంది: “ఊపిరాడనాయన చేత అన్ని మాటలాడించేరా? మీకంటే ఆ పొగే నయమండీ!”